దమయంతి వేషంలో నిండు చూలాలు

(కోలారు జిల్లా కురుడుమలెలో యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)



"చరిత్రలో ఒక స్త్రీ" అని నాకు అంశం ఇచ్చారు. దెబోరా గురించో, ఎస్తేరు గురించో, కాదంటే పండిత రమాబాయి గురించో చెబుతానని చాలామంది అనుకొని ఉంటారు. వాళ్ళ సంగతి మీరు ఆదివారపు బడిలోనే నేర్చుకున్నారు. నేను ముఖానికి రంగు పూసుకొని ఊరూరా తిరిగి నాటకాలాడిన ఒకావిడ గురించి మాట్లాడతాను. ఇందాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన "నాటకాలామె ముచ్చట మన పిల్లలకెందుకమ్మా?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. ఆయనకు అక్కడే జవాబు చెప్పలేదు. మాట మధ్యలో ఎక్కడో ఆ జవాబు దానంతటదే వస్తుందని నా నమ్మకం.

ఆవిడ పేరు వేమూరి వెంకుబాయి. పుట్టింది పందొమ్మిదో శతాబ్దంలో. నాటకమే వృత్తిగా బతికిన సురభి కుటుంబాల మనిషి. 1907లో ఒక రాత్రి ఆవిడ దమయంతి వేషం కట్టి ఆడుతోంది. అప్పటికి నిండు చూలాలు. ఆట మధ్యలో నొప్పులొచ్చాయి, రంగస్థలం మీదే బిడ్డ పుట్టింది. ఇదీ కథలో భాగమేనని చూసేవాళ్ళు అనుకున్నారట. ఆ పుట్టిన పిల్లే సురభి కమలాబాయి. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా నటించింది ఈ కమలాబాయే.

తెలుగు సినిమా చరిత్ర చెప్పేవాళ్ళందరికీ ఈ ముచ్చట ఇష్టం. కమలాబాయి ఎంత పుట్టు నటో చెప్పడానికి దీన్ని చెబుతారు. "పుట్టడమే రంగస్థలం మీద పుట్టింది" అంటే వినేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది కదా. నేనూ మొదటిసారి విన్నప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నా కూతురికి తొమ్మిదో నెల వచ్చినప్పుడు, మంచం మీంచి లేవడానికి అది చెయ్యి పట్టుకోమని అడిగినప్పుడు, నాకు వెంకుబాయి గుర్తొచ్చింది. తొమ్మిదో నెలలో పట్టుచీర, కిరీటం, పూసల హారాలు. నూనె దివిటీలు, ఆ వేడి. గొంతెత్తి పద్యం అందుకోవాలి. మైకు లేని కాలం, చివరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలి. దమయంతి కథ మీకు తెలుసు. అడవిలో నిద్రపోతున్నప్పుడు మొగుడు వదిలేసి పోతాడు. ఆ ఏడుపు పద్యాలు పాడుతున్న మనిషికి నిజంగానే నొప్పులు మొదలైతే, ఏది నటనో ఏది కాదో ఎవరికి తెలుస్తుంది?

ముచ్చటగా చెప్పుకునే ఈ కథలో పనిచేస్తున్న ఒక గర్భిణి ఉంది. ఈ ఉదయం మాట్లాడబోయేది ఆమె గురించే.

వెంకుబాయి దగ్గరికి వెళ్ళాలంటే ముందు తోలుబొమ్మల దగ్గరికి వెళ్ళాలి. మీ ఇళ్ళలో డెబ్బై, ఎనభై ఏళ్ళ అవ్వలుంటే అడగండి. ఊరి బయట పందిరి వేసి, తెల్లటి పంచెలు కలిపి కుట్టిన తెర కట్టి, వెనకాల దీపం పెట్టి రాత్రంతా రామాయణం ఆడేవాళ్ళు. మేక తోలును పలచగా గీకి, రంగులద్ది, సీతనూ రావణుణ్ణీ చేసేవాళ్ళు. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవాళ్ళు. కన్నడం మాట్లాడే ఊళ్ళలో ఈ ఆటవాళ్ళను కిళ్ళేక్యాతలు అంటారు. ఇళ్ళల్లో మరాఠీ లాంటి మాట, ఆటలో కన్నడమో తెలుగో. మరాఠా దేశం నుంచి ఎప్పుడో దక్షిణానికి దిగొచ్చిన కుటుంబాలివి. ఆంధ్ర వైపు వాళ్ళను ఆరె మరాఠీలు అన్నారు.

ఈ ఆటలో ఒక సంగతి చాలామంది గమనించరు. బొమ్మలాట ఇంటిల్లిపాదీ చేసే పని. మగవాళ్ళు బొమ్మలు ఆడిస్తారు, కాలికింద చెక్కపలక తొక్కి యుద్ధం చప్పుడు చేస్తారు. సీత మాట్లాడితే ఆ గొంతు ఆడమనిషిది. శూర్పణఖ గొంతూ, మండోదరి గొంతూ ఆడవాళ్ళవే. చంకలో పిల్లనెత్తుకొని, తెర వెనక దీపపు పొగలో కూర్చొని, తెల్లవారేదాకా పాడేవాళ్ళు. ఊరంతా ఆ గొంతు విని ఏడ్చింది. మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. ఆమె నీడ కూడా తెర మీద పడదు, పడకూడదు. బొమ్మ నీడే పడాలి.

1876 నుంచి 78 దాకా వచ్చిన గొప్ప కరువు గురించి మన సంఘాల చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. బళ్ళారి, కడప, కోలారు అంతా ఎండిపోయాయి. మైసూరు రాజ్యంలోనే పది లక్షల దాకా చనిపోయారని అంచనా. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఆ కరువు చివర్లో, 1878 జూలైలో. పంట పండిన రైతు ధాన్యం ఇస్తేనే బొమ్మలాటవాళ్ళకు కూడు. గింజ లేని ఊళ్ళో రామాయణం ఎవరు ఆడిస్తారు? దానికి తోడు, 1871 నుంచి తెల్లదొరల ప్రభుత్వం ఊరూరా తిరిగే జాతుల్ని కొన్నిటిని పుట్టుకతోనే నేరస్థులని చట్టంలో రాసింది. ఇల్లూ వాకిలీ లేక తిరిగేవాడంటేనే పోలీసుకు అనుమానం.

ఆ కరువు తగ్గిన ఏడేళ్ళకు, 1885లో, కడప జిల్లా సురభి అనే పల్లెలో ఒక పెళ్ళి సందర్భంగా బొమ్మలాటవాళ్ళు బొమ్మల్ని పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడారు. దానికి ముందు నిలబడినవాడు వనారస గోవిందరావు. ఆ పల్లె పేరే తర్వాత ఇంటిపేర్లను మించిపోయింది. ఆ కుటుంబాలవాళ్ళు ఎక్కడికెళ్ళినా 'సురభి'వాళ్ళే అయ్యారు. ఒక కంపెనీ పది అయింది, పది ముప్పై దాటాయి.

కీచక వధ కథ కాసేపు గుర్తు తెచ్చుకోండి. ద్రౌపది సైరంధ్రి అనే పేరుతో రాణిగారింట్లో పనికి కుదురుతుంది. రాణిగారి తమ్ముడు వెంటపడతాడు. రాణికి చెబితే ఆమె తమ్ముడి పక్షం. నిండు సభలోకి పరిగెత్తుకొచ్చి మొరపెట్టుకుంటే రాజు నోరు మెదపడు. పనిమనిషి మాట ఎవరు వింటారు? బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో పనికి పోతున్న మన అక్కచెల్లెళ్ళను అడిగితే ఈ కథ పురాణమని చెప్పరు. సురభివాళ్ళు ఆడిన మొదటి కథ ఇదే కావడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ రోజుల్లో తెలుగునాట నాటకాల్లో ఆడవేషాలు ఎవరు వేసేవాళ్ళు? మగవాళ్ళు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు నాటకం ఆడించింది తన బడిపిల్లల చేత. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు రాసి ఆడించిన కాలంలోనూ ద్రౌపదులు, సీతలు అందరూ మీసాలు గీసుకున్న మగవాళ్ళే. తర్వాతి తరంలో స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలకే పేరుపడి పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గొప్ప నటుడు, ఆ మాట కాదనను. కానీ మర్యాదగల ఇంటి ఆడది జనం ముందుకు రాకూడదనే నియమం నుంచే ఆ వేషాలు పుట్టాయి. బళ్ళారి రాఘవగారు, వృత్తికి వకీలు, ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని వాదించి వాదించి ఎన్నో మాటలు పడ్డారు.

సురభిలో ఆ వాదమే లేదు. తెర వెనక సీత గొంతు ఎవరిదో వాళ్ళే తెర ముందుకొచ్చి సీత అయ్యారు. తల్లి సీత వేస్తే కొడుకు లవుడు, మరిది లక్ష్మణుడు. నడవడం రాని పిల్లలు కూడా చిన్ని కృష్ణుడిగా ఉయ్యాల్లో పడుకొని ఆటలో ఉంటారు. వంటా, పురుడూ, పెళ్ళీ, చావూ అన్నీ మకాంలోనే. ఇదంతా చదువుకున్నవాళ్ళు వచ్చి నేర్పిన సంస్కరణ కాదు. కరువు తర్వాత కడుపు నింపుకోవడానికి బయలుదేరిన కుటుంబంలో పది చేతులూ పని చెయ్యాలి. మర్యాద పేరుతో ఐదు చేతుల్ని ఇంట్లో దాచుకునే సౌకర్యం వాళ్ళకు లేదు.

ఇక మనవాళ్ళ సంగతి. దాచడం నాకు ఇష్టం లేదు. 1893లో మద్రాసులో సంస్కర్తలు గవర్నరుకూ వైస్రాయికీ విన్నపాలు పంపారు, భోగం మేళాలకు వెళ్ళవద్దని. మిషనరీలు ఆ ఉద్యమాన్ని గట్టిగా బలపరిచారు. చిన్న పిల్లల్ని గుడికి కట్టబెట్టే ఆచారం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. మన మైసూరు ప్రభుత్వం 1909లోనే గుళ్ళలో దేవదాసీల సేవను ఆపించింది. అయితే ఆ ఊపులో ఆడే ఆడది, పాడే ఆడది, జనం ముందు నిలబడే ఆడది అందరూ ఒకే గాటన కట్టబడ్డారు. చెడిపోయిన ఆచారాన్ని తిట్టబోయి అందులో నలిగిన మనిషిని తిట్టాం. ఆమె ఇంక ఏం తిని బతకాలో అడిగినవాళ్ళు తక్కువ. సురభి ఆడవాళ్ళు గుడికి కట్టబడినవాళ్ళు కారు, మొగుడూ పిల్లల మధ్య సంసారం చేసుకుంటూ ఆడినవాళ్ళు. అయినా ఆ మాటలు వాళ్ళనూ వదల్లేదు.

పెద్దాయనకు జవాబు ఇక్కడ ఉందనుకుంటాను. లూకా సువార్త ఏడో అధ్యాయంలో పరిసయ్యుడి ఇంటికి అత్తరు బుడ్డితో ఒక స్త్రీ వస్తుంది. ఇంటాయనకు ఆమె పేరుపడ్డ తీరు మాత్రమే కనబడుతుంది. ప్రభువు ఆ ఇంటాయన్ను, ఈమెను చూస్తున్నావా అని అడుగుతాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ఆమెకు తగిలించిన మాటను మాత్రమే చూసే అలవాటు పరిసయ్యుల దగ్గరే ఆగిపోలేదు.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకుపోతాను, ఇంగ్లండుకు. వెంకుబాయి లాంటి కుటుంబమే అక్కడా ఒకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో రోజర్ కెంబుల్ అనే ఆయన పెళ్ళాం పిల్లలతో నాటక మేళం కట్టుకొని ఊరూరా తిరిగేవాడు. ఇంగ్లీషు చట్టం కూడా తిరుగుడు నటుల్ని దేశదిమ్మరుల లెక్కలో వేసింది. ఆయన పెద్దకూతురు సారా 1755లో వేల్స్‌లో ఒక సత్రంలో పుట్టింది, మేళం మకాంలో ఉండగా. ఆవిడే తర్వాత సారా సిడన్స్ పేరుతో లండన్‌ను ఏడిపించిన నటి. 1775లో ఆవిడకు కూడా ఆట ఆడుతుండగానే బాగోలేకపోయింది. మర్నాడు తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి మనకెలా తెలిసిందంటే, ఆవిడ భర్త లండన్ నాటకశాల యజమానికి ఉత్తరం రాశాడు. ఉద్యోగం మాట్లాడుకుంటున్నారు కదా, ఎప్పటికి పనిలోకి రాగలదో చెప్పుకోవాలి మరి.

ఆ సారా తమ్ముడి కూతురు ఫ్యానీ కెంబుల్. 1809లో పుట్టింది. తండ్రి చార్లెస్ కెంబుల్ లండన్‌లో కోవెంట్ గార్డెన్ నాటకశాల నడుపుతూ అప్పుల్లో మునిగిపోయాడు. జప్తు నోటీసులు గోడకు అంటించేదాకా వచ్చింది. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చేశారు? నాటకం అంటే అంత ఇష్టం లేని పందొమ్మిదేళ్ళ పిల్లను 1829 అక్టోబరులో జూలియెట్ వేషం కట్టించి నిలబెట్టారు. జూలియెట్ తల్లిగా కన్నతల్లే వేసింది, తండ్రి ఇంకో వేషం వేశాడు. సురభి పద్ధతే చూడండి. ఆ పిల్ల ఒక్క రాత్రిలో లండన్‌ను గెలిచింది, నాటకశాల అప్పులు తీర్చే పని భుజాన పడింది. ఇంటి అప్పు తీర్చడానికి గార్మెంటు ఫ్యాక్టరీ బస్సెక్కే మన ఆడపిల్లలకు ఫ్యానీని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు.

1832లో తండ్రితో అమెరికా వెళ్ళి ఊరూరా ఆడింది. 1834లో ఫిలడెల్ఫియాలో పియర్స్ బట్లర్ అనే ధనవంతుణ్ణి పెళ్ళి చేసుకొని నాటకాలు మానేసింది. హమ్మయ్య, ఇక రంగు పూసుకోనక్కర్లేదు అనుకొని ఉంటుంది. ఆ ధనం ఎక్కడిదంటే, జార్జియా రాష్ట్రంలో బట్లర్ కుటుంబానికి వరి, పత్తి తోటలున్నాయి. వాటిలో వందల మంది నల్లజాతి బానిసలున్నారు. 1838 డిసెంబరులో భర్తతో, ఇద్దరు చిన్న పిల్లలతో ఫ్యానీ ఆ తోటలకు వెళ్ళింది. 1839 వసంతం దాకా ఉంది. అక్కడ చూసిందంతా ఒక స్నేహితురాలికి ఉత్తరాల రూపంలో రాసుకుంది.

ఆ రాతల్లో నన్ను కదిలించింది కొరడా దెబ్బలు కాదు. ఆ సంగతులు ఎవరైనా రాస్తారు. బానిస స్త్రీలు యజమాని భార్య దగ్గరికి వరసగా వచ్చి అడిగింది ఏమిటో తెలుసా? ఆ తోటలో కానుపైన మూడు వారాలకు పొలంలోకి దిగాలి, అది రూలు. "అమ్మా, నెల రోజులు చేయించండి" అని అడిగారు. స్వేచ్ఛ కాదు, ఇంకొక్క వారం! ఫ్యానీ ఒక్కొక్కరి పేరూ రాసింది. ఎంతమంది పిల్లల్ని కన్నది, ఎంతమంది పోయారు, ఎన్ని గర్భాలు నిలవలేదు, ఏ జబ్బుతో తిరుగుతోంది, అన్నీ పేరు పేరునా రాసింది. ఆరుగుర్ని కని ఐదుగుర్ని పోగొట్టుకున్న ఒకామె ఉంది అందులో, ఆమె పేరు కూడా ఫ్యానీయే. యజమానురాలికీ బానిసకూ ఒకే పేరు. ఆ రోజు ఆమె ఏమనుకుందో.

ఈ విన్నపాలన్నీ మోసుకెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన కొన్నాళ్ళు విన్నాడు, తర్వాత ఇంక ఇలాంటివి నా దగ్గరికి తేవద్దన్నాడు. బానిసకు చదువు చెప్పడం అక్కడ చట్టరీత్యా నేరం. అయినా ఒక కుర్రాడికి అక్షరాలు నేర్పింది. తనకు చేసిపెట్టిన పనులకు చేతిలో ఉన్న డబ్బులిచ్చింది. పెద్ద పనులేం కావు. రాత్రికి తినేది మళ్ళీ వాళ్ళ చెమటేనని ఆమెకు తెలుసు, అదీ రాసుకుంది.

ఆమెను పరిశుద్ధురాలిగా నిలబెట్టడానికి నేను రాలేదు. నల్లవాళ్ళ గురించి ఆమె వాడిన మాటలు కొన్ని ఇవాళ చదివితే ఒళ్ళు మండుతుంది. పైగా ఆ రాతలు ఇరవై నాలుగేళ్ళు అచ్చు కాలేదు. కాపురం చెడింది, 1849లో విడాకులయ్యాయి, ఆ కాలపు పద్ధతి ప్రకారం ఇద్దరు కూతుళ్ళూ తండ్రి చేతిలో ఉండిపోయారు. నోరు తెరిస్తే పిల్లల ముఖం చూడనివ్వరేమో అనే భయం ఒక తల్లికి ఉండదా? ఉంటుంది. కానీ ఆ మధ్యలో, 1859 మార్చిలో, బట్లర్ తన అప్పులు తీర్చుకోవడానికి నాలుగు వందల పైచిలుకు మనుషుల్ని సవన్నా ఊరి గుర్రప్పందాల మైదానంలో రెండు రోజులపాటు వేలం వేయించాడు. నెల రోజుల విశ్రాంతి అడిగిన ఆడవాళ్ళ కుటుంబాలవి. ఫ్యానీ పుస్తకం వచ్చింది 1863లో. అమెరికాలో బానిసత్వం మీద యుద్ధం జరుగుతూ, ఇంగ్లండులో చాలామంది బానిస యజమానుల వైపు మొగ్గుతున్న సమయం. అప్పుడు ఆ పుస్తకం అవసరమైంది, పనికొచ్చింది. వేలం పాటకు మాత్రం నాలుగేళ్ళు ఆలస్యం. ఆమెను ప్రేమించే చరిత్రకారులు ఈ లెక్క వేగంగా దాటేస్తారు.

విడాకుల తర్వాత ఆమె ఎలా బతికిందో చెప్పాలి. పుట్టింటి విద్యే అన్నం పెట్టింది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పుస్తకం పెట్టుకొని షేక్‌స్పియర్ నాటకాన్ని అన్ని పాత్రల గొంతులతో ఒక్కతే చదివేది. ఇరవై ఏళ్ళు అలా చదివి సంపాదించుకుంది. వేషం లేదు, తెర లేదు, గొంతు ఒక్కటే. బొమ్మలాట తెర వెనక కూర్చున్న మన ఆడవాళ్ళు చూసి ఉంటే, "ఇది మా పనే కదా" అని ఉండేవాళ్ళు. ఫ్యానీ 1893లో లండన్‌లో చనిపోయింది. అప్పటికి మన కోలారు బంగారం లండన్‌కు చేరుతోంది. 1880లో గనుల్లోకి దిగిన జాన్ టేలర్ కంపెనీ వాటాదారులు అక్కడ వాటాలు పంచుకుంటున్నారు. గనిలో దిగింది ఎక్కువగా మాల మాదిగ పల్లెల నుంచీ, తమిళ చేరీల నుంచీ పోయినవాళ్ళు. మీలో చాలామంది తాతలు, ముత్తాతలు. వాటా డబ్బుతో భోజనం చేస్తూ ఈ బంగారం ఎవరు తవ్వారని అడిగిన ఫ్యానీ ఆ ఇళ్ళల్లో ఒక్కతయినా ఉండిందా అని నాకు అనిపిస్తుంటుంది.

రెండు కుటుంబాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యానీ పదకొండు సంపుటాలదాకా జ్ఞాపకాలు, డైరీలు అచ్చు వేసుకుంది. వాటివల్ల ఆమె బతుకు తెలిసింది, ఆమె రాసుకున్నందువల్ల బానిస స్త్రీల కానుపులు కూడా లెక్కకెక్కాయి. వెంకుబాయి బిడ్డ సినిమాతార కాబట్టి వెంకుబాయి పేరు మిగిలింది. కమలాబాయి మామూలు నటిగా ఏ కడప పల్లెలోనో ఉండిపోయి ఉంటే ఆ రాత్రి కూడా మిగిలేది కాదు. మూడు వారాల బాలింత పొలంలోకి దిగిందని జార్జియా గురించి మనం చెప్పగలుగుతున్నాం. సురభి డేరాలో బాలింత ఎన్ని రోజులకు లేచిందో ఈ ముచ్చట చెప్పేవాళ్ళు ఒక్కరూ ఆగి అడగరు. అడగాలనే తట్టదు, అది వింతగా కనబడదు కాబట్టి.

సురభి కుటుంబాల మీద నిందగా ఇది చెప్పడం లేదు. తోట యజమాని వేరు, డేరాలో అందరితోపాటు గంజి తాగే మామగారు వేరు. ఆవిడ బిడ్డను ఎత్తుకోవడానికి ఆ డేరాలో పది చేతులు సిద్ధంగా ఉండేవి. మన కాలనీల్లో ఒంటరిగా ఉన్న బాలింతలకు ఆ చేతులు లేవు. కానీ ఆట ఆగితే వసూళ్ళు లేవు. వసూళ్ళు లేకపోతే అందరికీ పస్తే. ప్రేమగల కుటుంబంలో కూడా పేదరికం తోట యజమానిలా మూడు వారాల రూలు పెట్టగలదు.

ఆ రాత్రికి మూడేళ్ళ తర్వాత, 1910లో, ఇక్కడ కోలారు పట్టణంలో మెథడిస్టు మిషను వాళ్ళు ఆసుపత్రి మొదలుపెట్టారు. మీకు తెలిసిన ఈటీసీఎం ఆసుపత్రి. మన విశ్వాసం ఈ జిల్లాలో చేసిన మంచి పనుల్లో అది ఒకటి. మన దేశంలో ప్రసూతి సౌకర్యాల చట్టం 1961లో వచ్చింది. గార్మెంటు ఫ్యాక్టరీలో పేరున్న అమ్మాయికి ప్రసూతి సెలవు వర్తిస్తుంది. టమాటా తోటలో కూలికి పోయే అమ్మాయికి, ఇటుక బట్టీలో ఉండే అమ్మాయికి, ఇంటిపని చేసే అమ్మాయికి వేతనంతో సెలవు ఇచ్చేవాళ్ళు ఎవరు? టమాటా ధర బాగున్న వారంలో ఒక్కరోజు కూలి పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు, ఎనిమిదో నెల అయినా సరే. మన సంఘాల్లో చాలామంది ఆ తోటల్లోనే పని చేస్తారు. ఇంకో మాట చెబితే కోపగించుకోకండి. ఆ తోటలు కొన్ని మన విశ్వాసులవే.

సంఘంలోనూ తెర వెనక గొంతులున్నాయి. పందొమ్మిదో శతాబ్దపు చివర్లో తెలుగుదేశంలో ఆడమనిషి జనం ముందు నిలబడి మాట్లాడిన చోటు ఇంకొకటి ఉంది. బైబిలు స్త్రీలు. మాల మాదిగ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. చంకలో పుస్తకం పెట్టుకొని, ఎండలో ఊరూరా నడిచి, పాడి, కథ చెప్పి, అక్షరాలు నేర్పారు. సురభి పుట్టిన కడపలో లండన్ మిషను 1822 నుంచి ఉంది. నా ఊహ ఒకటి చెబుతాను, ఊహగానే తీసుకోండి. ఏదో ఒక సంత దారిలో నాటకాల బండీ, బైబిలు స్త్రీ ఎదురుపడే ఉంటారు. ఇద్దర్నీ ఊరు ఒకే చూపు చూసి ఉంటుంది. గుమ్మం దాటి, మగవాళ్ళ ముందు గొంతెత్తిన ఆడవాళ్ళని. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎలా చూసుకున్నారో మాత్రం నాకు అనుమానమే. మనవాళ్ళు తల తిప్పుకొని ఉండవచ్చు.

మిషను వార్షిక నివేదికల్లో ఆ బైబిలు స్త్రీలు ఎక్కువగా ఒక సంఖ్య. ఇన్ని గ్రామాలు, ఇంతమంది బైబిలు స్త్రీలు, ఇంత జీతం. పంపిన దొరసాని పేరు మాత్రం ఉంటుంది, ఫోటో కూడా ఉంటుంది. నేను చిన్నప్పుడు చూసిన క్రిస్మస్ నాటకాల్లో మరియమ్మ వేషం మీసం రాని అబ్బాయి వేసేవాడు. ఆడపిల్లలు తెర వెనక పాటలు పాడేవాళ్ళు. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు, నాక్కూడా. సురభివాళ్ళు ఆ తెర దాటి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటింది.

కమలాబాయి సంగతి ముగిస్తాను. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి పిల్లల వేషాలు వేస్తూ పెరిగింది. 'భక్త ప్రహ్లాద' తర్వాత బొంబాయి వెళ్ళి హిందీ సినిమాల్లో ఏళ్ళ తరబడి నటించింది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి ఆవిడే. కొడుకు తిరిగొస్తాడని ఎదురుచూసే ఆ తల్లి. మీ అవ్వలకు ఆ ముఖం గుర్తుండే ఉంటుంది. 1971లో చనిపోయింది. సురభి కంపెనీల్లో ఇప్పుడు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాళ్ళు 'మాయాబజార్', 'పాతాళభైరవి' ఇప్పటికీ ఆడతారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు టిక్కెట్టు కొనుక్కొని చూడండి. పాసు అడగకండి.

మధ్యాహ్నం గుంపు చర్చలకు నేను రెండు పనులు అడుగుతున్నాను. నిర్వాహకులు నోటు పుస్తకాలు తెచ్చారు. మొదటిది, మీ మీ సంఘాల్లో బైబిలు స్త్రీలుగా, ఆదివారపు బడి టీచర్లుగా, మంత్రసానులుగా పనిచేసిన ముసలమ్మల పేర్లు, ఊళ్ళు రాయాలి. "ఫలానా అయ్యగారి భార్య" అని కాకుండా, సొంత పేరు. రెండోది, మీ సంఘంలో ఈ ఏడాది బిడ్డను కన్న ఆడవాళ్ళు కానుపైన ఎన్ని రోజులకు పనిలోకి వెళ్ళారో అడిగి రాయాలి. అడగడానికి అమ్మాయిలు వెళ్ళండి. అబ్బాయిలు ఆ పూట వాళ్ళ ఇళ్ళల్లో నీళ్ళు మోసి పెట్టండి. అది కూడా పని కిందే లెక్క.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. పెద్దాయన ముందు.